సుదీర్ఘ మహమ్మారిలో ప్రభుత్వాలు ఎక్కడ తడబడతాయి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్-19ను అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది 2020 జనవరి 30న. ఆ ప్రకటనను ఎత్తేసింది 2023 మే 5న. మధ్యలో మూడేళ్ల మూడు నెలలు. తుపాను వస్తే సిబ్బందికి సెలవులు రద్దుచేసి, పది రోజులు రాత్రింబవళ్లు పనిచేయించి గట్టెక్కవచ్చు. మూడేళ్లు అలా నెట్టుకురావడం ఎవరితరమూ కాదు. పైగా ఏ శాఖకు ఆ శాఖ బాగానే పనిచేస్తున్నా, ఒకరి పని ముగిసి మరొకరి పని మొదలయ్యే చోట పట్టు తప్పుతుంది.

ఆక్సిజన్ సంగతే చూడండి. ఆస్పత్రుల్లో వాడే పెద్ద సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్ల వాయువు పడుతుంది. మాస్కుతో నిమిషానికి 15 లీటర్లు అందుకునే రోగికి అది ఎనిమిది గంటలు కూడా రాదు. హై ఫ్లో యంత్రం మీద నిమిషానికి 60 లీటర్ల ఆక్సిజన్ పోతుంటే రెండు గంటల్లోపే ఖాళీ. మనిషికి సగటున నిమిషానికి 10 లీటర్ల చొప్పున వంద మందికి ఇవ్వాలంటే రోజుకు 200కు పైగా సిలిండర్లు కావాలి, లేదా రెండు టన్నులకు కాస్త తక్కువగా ద్రవ ఆక్సిజన్.

ట్యాంకు నిండుగా ఉన్నంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర మరుగుతుంది. దాన్ని వాయువుగా మార్చేవి ట్యాంకు పక్కన ఆరుబయట నిలబెట్టిన రెక్కల గొట్టాలు, అంటే వేపరైజర్లు. వాటి శక్తికి మించి లాగితే గాలిలోని తేమ మంచుగా పేరుకుపోయి గొట్టాలకు వేడి అందదు. పైపులైనులో పీడనం పడిపోతుంది. సన్నని పైపులున్న పాత భవనాల్లో ముందుగా ఇబ్బంది పడేది చివరి వార్డే.

ఈ గొలుసులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ద్రవ ఆక్సిజన్ ఇచ్చే కర్మాగారాలు పరిశ్రమల శాఖ కింద, ట్యాంకర్లు రవాణా శాఖ కింద ఉంటాయి. సరిహద్దుల్లో వాటిని ఆపకుండా వదలాల్సింది పోలీసులు. నైట్రోజన్, ఆర్గాన్ ట్యాంకర్లను శుభ్రం చేయించి ఆక్సిజన్‌కు మళ్లించాలంటే భద్రతాధికారుల అనుమతి కావాలి. ఆరోగ్య శాఖ చేతిలో మిగిలేది మంచం పక్కన ఆక్సిజన్ ఎంత పోతోందో చూపే ఫ్లో మీటరు! అందుకే ప్రతి ఆస్పత్రి నుంచి నిల్వ ఎంత, గంటకు వాడకం ఎంత, తర్వాతి ట్యాంకర్ ఎప్పుడు అనే మూడు అంకెలు రోజూ ఒకే వేళకు ఒకే కంట్రోల్ రూమ్‌కు చేరాలి. అక్కడ కూర్చున్న అధికారికి ట్యాంకర్‌ను దారి మళ్లించే హక్కు ఉండాలి. ఆ హక్కు లేని సమన్వయ కమిటీల వల్ల ఒరిగేదేమీ లేదు.

సమాచారం చేతులు మారే చోటా ఇదే తంతు. 2020 శరదృతువులో ఇంగ్లండ్‌లో 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి ఎక్కలేదు. ప్రయోగశాలల ఫలితాలను పాత తరహా ఎక్సెల్ ఫైల్లోకి ఎక్కించారు. అందులో 65,536 వరుసలకు మించి పట్టవు. మిగిలినవి చడీచప్పుడు లేకుండా రాలిపోయాయి. పరీక్షలు సరిగ్గానే జరిగాయి, రోగులకు ఫలితాలూ అందాయి. కానీ వాళ్లను కలిసినవారిని వెతకాల్సిన బృందానికి సకాలంలో పేర్లు వెళ్లలేదు. పంపిన కేసుల సంఖ్య, అందిన కేసుల సంఖ్య రోజూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే మొదటి రోజే బయటపడే లోపమిది.

ఇలాంటి ఆలస్యం ఖరీదు లెక్కగట్టవచ్చు. కేసులు మూడు రోజులకోసారి రెట్టింపయ్యే దశలో ఒక వారం ఊగిసలాడితే తీవ్రత ఐదింతలవుతుంది. ఈరోజు వైరస్ సోకినవారిలో ఆస్పత్రి దాకా వచ్చేవారు రావడానికి దాదాపు పది పన్నెండు రోజులు పడుతుంది. కాబట్టి పడకలు సగం నిండాక ఆంక్షలు పెడదామనుకుంటే, మిగతా సగాన్ని నింపేవారికి అప్పటికే వైరస్ సోకి ఉంటుంది. ఏ అంకె దాటితే ఏ చర్య మొదలవుతుందో, ఎవరు సంతకం పెడతారో కేసుల అల రాకముందే రాసిపెట్టుకోవాలి. ఆంక్షలు పెట్టే అంకె, తీసే అంకె ఒకటే కాకూడదు. తీసే అంకె బాగా కింద ఉండాలి, లేకపోతే బడులు వారం వారం మూస్తూ తెరుస్తూ ఉండాల్సి వస్తుంది.

దేశాల మధ్య చిక్కు ఇంకో రకం. దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు కొత్త రకం వైరస్‌ను గుర్తించగా, ఆ దేశం 2021 నవంబరు 24న ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేసింది. దానికే ఒమిక్రాన్ అని పేరు పెట్టారు. కొద్ది రోజుల్లోనే అనేక దేశాలు ఆ ప్రాంతపు విమానాలను ఆపేశాయి. నిజం చెప్పినందుకు దండన పడితే తర్వాతిసారి ఎవరు త్వరపడతారు? 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. కానీ వైరస్ నమూనాలు పంచుకున్న దేశాలకు టీకాల్లో వాటా ఎలా అన్న కీలకమైన అనుబంధాన్ని ఆ తర్వాతి చర్చలకు వదిలేసింది.

ఇక అలకూ అలకూ మధ్య దొరికే నెలలు. అప్పుడే ఎక్కువ పని ఉంటుంది, అప్పుడే డబ్బు ఆగిపోతుంది. తప్పిపోయిన పిల్లల టీకాలు వేయించాలి: ఒక్క 2021లోనే 2.5 కోట్ల మంది పిల్లలకు కంఠసర్పి, ధనుర్వాతం, కోరింతదగ్గు టీకాలో కనీసం ఒక డోసు తప్పిపోయింది. మురుగునీటి నమూనాల పరీక్ష ఆపకూడదు. జనం పరీక్షలకు రావడం మానేసిన కాలంలోనూ అది వైరస్ పెరుగుదలను పట్టిస్తుంది. గాలి నుంచి ఆక్సిజన్ తీసే ప్లాంట్లను కూడా ఊరికే వదిలేయకూడదు. వాటిలో గాలిలోని నైట్రోజన్‌ను పట్టి ఉంచే జియోలైట్ గుళికలు తేమ పీల్చుకుంటే, 93 శాతం దగ్గర ఉండాల్సిన స్వచ్ఛత తగ్గిపోతుంది. అల లేని రోజుల్లోనూ ప్లాంటును క్రమం తప్పకుండా నడపాలి, ఎయిర్ డ్రయర్‌నూ ఫిల్టర్లనూ చూసుకోవాలి, స్వచ్ఛత రీడింగు రాసిపెట్టాలి. ఇందుకు టెక్నీషియన్ జీతం, కరెంటు బిల్లు ఏ శాఖ పద్దు కింద పడతాయో ప్లాంటు బిగించే రోజునే తేల్చుకోవాలి.