జేన్ ఆస్టెన్ డబ్బు కోసం రాయలేదా? కొన్ని అపోహలు, వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ పాఠం మొదలుపెట్టిన ప్రతి ఏడూ ఈ మాట వినాల్సిందే: "ఆమె పేరు కోసం, డబ్బు కోసం రాయలేదు మేడమ్, ఊసుపోక రాసుకుంది." గైడుల్లో అదే, వాట్సాప్‌లో తిరిగే నోట్సుల్లోనూ అదే. ఇది తప్పు.

ఆ మాటకు మూలం ఆమె అన్న హెన్రీ. 1817 జులైలో ఆస్టెన్ పోయింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన ఆమె నవలలకు హెన్రీ ముందుమాట రాస్తూ, తొలినాళ్లలో చెల్లెలు కలం పట్టింది కీర్తి కోసమో లాభం కోసమో కాదన్నాడు. జనం "తొలినాళ్లలో" అన్నది వదిలేసి మిగతాది పట్టుకున్నారు.

అసలు సంగతి ఆమె లెక్కల్లో ఉంది. 1803లో "సుజాన్" అనే నవలను క్రాస్బీ అనే ప్రచురణకర్తకు 10 పౌండ్లకు అమ్మింది. అతను అచ్చు వెయ్యలేదు. 1809లో మారుపేరుతో నిలదీస్తే, ఫలానా గడువులో వేస్తామని మేమేమీ రాసివ్వలేదు, ఇంకెక్కడైనా వేస్తే చట్టప్రకారం అడ్డుకుంటాం, కావాలంటే మేమిచ్చిన డబ్బు మాకిచ్చి పట్టుకెళ్లండి అని జవాబొచ్చింది. విడిపించుకునేసరికి 1816. ఆమె పోయాక "నార్తాంగర్ ఆబీ"గా వచ్చింది ఆ నవలే.

1811లో "సెన్స్ అండ్ సెన్సిబిలిటీ"ని కమిషన్ పద్ధతిలో వేయించింది. అంటే ఖర్చూ నష్టమూ రచయితవి, కాపీరైట్ కూడా రచయితదే. మొదటి ముద్రణ మీద 140 పౌండ్లు మిగిలాయి. తర్వాత "ప్రైడ్ అండ్ ప్రిజుడిస్"కు 150 రావాలనుకుని, చివరికి 110 పౌండ్లకే కాపీరైట్ మొత్తం రాసిచ్చేసింది. 1813 జనవరిలో పుస్తకం వచ్చింది, అదే ఏడాది రెండో ముద్రణా పడింది. అందులో ఆమెకు ఒక్క పెన్నీ రాలేదు.

ఆ తర్వాత ఆమె ఇంకే నవల కాపీరైటూ అమ్మలేదు. 1815లో జాన్ మర్రే అనే ప్రచురణకర్త మూడు నవలలకు కలిపి 450 పౌండ్లు ఇస్తానంటే, అతను మోసగాడే, కాకపోతే మర్యాద తెలిసిన మోసగాడు అని అక్క కసాండ్రాకు రాసి, కాదనేసింది. నిజానికి ఆ ఒప్పందం వదులుకుని నష్టపోయింది కూడా. "ఎమ్మా" మీద వచ్చిన లాభంలో చాలా భాగాన్ని "మాన్స్‌ఫీల్డ్ పార్క్" రెండో ముద్రణ నష్టం మింగేసింది. లాభనష్టాలు తనే మోస్తానని తెగించిన మనిషి గురించి మనం "ఊసుపోక" అని చెప్పుకుంటున్నాం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. కథలు రాసే నా పాత విద్యార్థిని ఒకమ్మాయికి ఒక ప్రచురణ సంస్థ కాగితం పంపింది. సర్వహక్కులూ శాశ్వతంగా వాళ్లకే. డబ్బు మాటెత్తితే చులకనగా చూస్తారేమోనని ఆ పిల్లకు ఒకటే టెన్షన్. "జేన్ ఆస్టెనే అడగలేదు కదా మేడమ్" అంది. కూర్చోబెట్టి ఈ 110 పౌండ్ల కథంతా చెప్పాను. "ఎన్నేళ్లకి ఇస్తున్నావు, రెండో ముద్రణకి నీకెంత, అచ్చు వెయ్యకపోతే ఎప్పటికి వెనక్కిస్తారు, ఇవి కాగితం మీద ఉండాలమ్మా, అడుగు" అన్నాను. ఆ పిల్లలాంటి వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. ఆ భయానికి ఆస్టెన్ పేరు వాడుకోవడమే భరించలేను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. తలుపు కిర్రుమనగానే కాగితాలు దాచేసేదన్నది ఆమె మేనల్లుడు దశాబ్దాల తర్వాత జీవితచరిత్రలో రాసిన ముచ్చట. బయటివాళ్ల కంట పడకూడదనుకుందేమో గానీ ఇంట్లో ఆమె రచన రహస్యం కాదు. 1797లో తండ్రే ఆమె నవల గురించి ఒక ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. మగ పేరు పెట్టుకుందన్నది శుద్ధ అబద్ధం. మొదటి పుస్తకం మీద "ఒక మహిళ" రాసినదనే ఉంది. మగ పేరు పెట్టుకున్నది జార్జ్ ఎలియట్ అనే మరో రచయిత్రి.

ఓపికున్నవాళ్లు గైడు పక్కన పెట్టి 1811 తర్వాత ఆమె రాసిన ఉత్తరాలు చదవండి. పొగడ్త అందరిలాగే నాకూ ఇష్టమే, డబ్బూ ఇష్టమేనని 1814లో తన అన్న కూతురికి ఆమే రాసుకుంది.