భవానీ ద్వీపానికి బోటెక్కే ముందు: అపోహలు - వాస్తవాలు

విజయవాడ దగ్గర కృష్ణలో ఉన్న భవానీ ద్వీపానికి, నాగార్జునసాగర్ నీళ్ల మధ్య ఉన్న నాగార్జునకొండకు టూరిస్టులను వెంటబెట్టుకుని తిప్పడం నా పని. కార్తీకమాసం వచ్చిందంటే ప్రతి ఆదివారం ఎవరో ఒకరు అనే మాట ఇది: "ఏంటండీ మీ చాదస్తం, ఇదేమన్నా సముద్రమా? నీళ్లు కదలకుండా ఉంటే లైఫ్ జాకెట్ ఎందుకు?"

అపోహ: కదలని నీళ్లలో ప్రమాదం ఉండదు.

వాస్తవం: ప్రకాశం బ్యారేజీ గేట్లు దించి నీళ్లు నిలబెట్టారు కాబట్టి కృష్ణ పైకి నిదానంగా కనిపిస్తుంది. అయినా బోటు ఒరగడానికి అలలే రావాలా? ఒడ్డున కొండమీద కనకదుర్గమ్మ గుడి కనబడగానే ఫోన్లు పట్టుకుని అందరూ ఒకే పక్కకు లేస్తారు. బోటు అటు వంగుతుంది. వంగిన వైపుకే మిగతావాళ్లూ జారతారు. లెక్కకు మించి ఎక్కించుకున్న బోటైతే దాని అంచు అప్పటికే నీళ్లకు జానెడు దూరంలో ఉంటుంది.

2017 నవంబర్ 12 కూడా కార్తీక ఆదివారమే. సాయంత్రం గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం దగ్గర హారతి చూద్దామని బయల్దేరిన బోటు ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. అనుమతి లేని ప్రైవేటు బోటు. పట్టేదానికన్నా ఎక్కువ మంది. చాలామంది ఒంటిమీద జాకెట్లు లేవు. ఆ రోజు తుపానూ లేదు, వరదా లేదు.

"నాకు ఈత వచ్చు" అనేవాళ్లకు ఒకటే చెప్తాను. బోటు తిరగబడితే మీ పక్కనుండేది ఈత రానివాళ్లు. చేతికందిన మనిషిని పట్టుకుని వదలరు. చెరువులో నేర్చిన ఈత అక్కడ పనికిరాదు.

గుంటూరు నుంచి వచ్చిన ఒక కుటుంబంలో పెద్దాయన జాకెట్‌ని దిండులా కింద వేసుకుని కూర్చున్నారు. "బాబాయ్ గారూ, వేసుకోండి" అంటే, "నీ వయసులో నేను ఈ కృష్ణని ఈదినవాణ్ణయ్యా" అన్నారు. ఎదురుగా ఉన్న మనవరాలు టకటకా తన బకిల్స్ కూడా విప్పేసింది, "తాతయ్య వేసుకోలేదుగా" అంటూ. అప్పుడు గొణుక్కుంటూ తొడుక్కున్నారు. ఫొటోలో కనబడకుండా పైన కండువా కప్పుకున్నారు, అది వేరే సంగతి.

వేసుకుంటే సరిపోదు, బిగించాలి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవులదాకా వచ్చేస్తే అది వదులుగా ఉన్నట్టే. పెద్దవాళ్ల జాకెట్ పిల్లలకు వేస్తే నీళ్లలో తలమీద నుంచి జారిపోతుంది. పిల్లల సైజు లేదంటే ఆ బోటు వదిలేసి తర్వాతది ఎక్కండి. బోటులో ఎంతమంది పడతారో అడగండి, ఎక్కాక లెక్కపెట్టుకోండి. అడిగితే విసుక్కుంటారేమోనని మొహమాటపడే అమ్మలు చాలామంది ఉంటారు. టెన్షన్ పడటం తప్పేం కాదమ్మా, అడగండి. విసుక్కునేవాడి బోటు అసలే ఎక్కొద్దు.

అపోహ: ఇక్కడ ఎండ కాస్తోంది, వరదెక్కడిది?

వాస్తవం: ఖమ్మం వైపు వాన పడితే ఆ నీళ్లను మున్నేరు నది తెచ్చి కృష్ణలో కలుపుతుంది. ఎగువనున్న పులిచింతల డ్యామ్‌లో గేట్లెత్తినా నీళ్లు ఇటే రావాలి. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) ఇస్తారు. అంతదాకా రాకముందే బోట్లు ఆపేయడం మామూలు. 2024 సెప్టెంబర్‌లో 11.43 లక్షలు వచ్చినప్పుడు పై నుంచి కొట్టుకొచ్చిన బోట్లు ఏకంగా బ్యారేజీ గేట్లనే గుద్దాయి. బోట్లు లేవంటే "అంత దూరం నుంచి వచ్చాం" అని సిబ్బందితో గొడవపడకండి.

అపోహ: భవానీ ద్వీపం ఏటా కొంచెం కొంచెం కుంగిపోతోంది.

వాస్తవం: వాట్సాప్ పుకారు. విసుగొచ్చేసింది దీనికి జవాబు చెప్పీ చెప్పీ. నది తెచ్చి పోసిన ఒండ్రుతో ఏర్పడిన నేల అది, మన లంకల్లాగే. పెద్ద వరదొస్తే మునుగుతుంది, వరద తగ్గాక తేలుతుంది. 2009లో, 2019లో, 2024లో జరిగిందదే. ఒండ్రు నేల కాబట్టి ఒడ్డు కోసుకుపోతుంది. వరద తర్వాత సెల్ఫీ కోసం అంచుకు వెళ్లకండి, కింద నేల ఉండకపోవచ్చు.

అపోహ: నాగార్జునకొండ పూర్వం నుంచీ ద్వీపమే. పైనున్నవన్నీ డూప్లికేట్లు.

వాస్తవం: రెండూ తప్పే. అది లోయలో నిలబడ్డ కొండ. చుట్టూ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను విప్పి తెచ్చి కొండమీద, సాగర్ ఒడ్డునున్న అనుపులో మళ్లీ నిలబెట్టారు. నమూనాలూ ఉన్నాయి, అసలువీ ఉన్నాయి. అందుకే ఇటుక ముక్క జేబులో వేసుకుంటే నేను ఊరుకోను. లాంచీ దిగగానే మ్యూజియం వైపు పరిగెత్తకుండా సింహ విహారం అనే బౌద్ధ కట్టడం చూసి వెళ్లండి. శుక్రవారం మాత్రం రావద్దు, మ్యూజియానికి సెలవు.