రింగు హుక్కు దగ్గర ఆగిపోయే భూకంప పాఠం

విజయవాడ, గుంటూరు, ఒంగోలు 2016 నాటి కోడ్‌లోని భూకంప పటంలో జోన్ 3 (ఓ మోస్తరు ప్రమాదం) కింద ఉన్నాయి. ఇక్కడ స్ట్రక్చరల్ డిజైన్ చేసేవాళ్లలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. సాఫ్ట్‌వేర్‌లో జోన్ ఫ్యాక్టర్ (నేల ఎంత గట్టిగా ఊగొచ్చో చెప్పే అంకె) 0.16 అని కొట్టేస్తారు. ఆ అంకె వెనక ఎంత బాధ్యత ఉందో చెప్పడానికే ఇంజనీర్లకు భూకంప శిక్షణ తరగతులు పుట్టాయి. అవి ఎందుకు పుట్టాయో తెలియాలంటే ముందు ఒక చిన్న లెక్క చూడాలి.

వెయ్యి టన్నుల బరువున్న అపార్ట్‌మెంట్‌ను తీసుకుందాం. 2016 నాటి ఐఎస్ 1893 (మన దేశ భూకంప డిజైన్ కోడ్) ప్రకారం 0.16లో సగం 0.08. ఎత్తు తక్కువ బిల్డింగులకు స్పందన గుణకం 2.5. రెండూ గుణిస్తే 0.20. అంటే పిల్లర్లు, బీములు ఏమాత్రం దెబ్బతినకుండా నిలవాలంటే 200 టన్నుల పక్కతోపుకు డిజైన్ చేయాలి. మనం అలా చేయం. సాగే గుణం ఉన్న ఫ్రేమ్ కడతామని మాటిచ్చి, ఆ 200ను ‘ఆర్’ (స్పందన తగ్గింపు గుణకం) అనే 5తో భాగించి 40 టన్నులకే, అంటే బరువులో 4 శాతానికే డిజైన్ చేస్తాం. మిగిలిన 160 టన్నులు మాఫీ కాలేదు, అది అప్పు. భూమి ఊగినప్పుడు బీముల చివర్లు పగుళ్లిచ్చి, చువ్వలు సాగి, అయినా పిల్లర్ విరగకుండా నిలబడితేనే ఆ అప్పు తీరుతుంది. అలా నిలబెట్టేది పిల్లర్ నిలువు చువ్వల చుట్టూ కట్టే ఇనుప రింగులు. శిక్షణ చరిత్రంతా చివరికి వచ్చి ఆగేది ఈ రింగుల దగ్గరే.

1935లో భూకంపానికి క్వెట్టా (ఇప్పుడు పాకిస్థాన్‌లో ఉంది) నేలమట్టమయ్యాక మన దేశంలో భూకంప నిర్మాణంపై ఆలోచన గట్టిపడింది. 1960లో రూర్కీ విశ్వవిద్యాలయంలో జైకృష్ణ నాయకత్వంలో ప్రత్యేక పరిశోధన, శిక్షణ కేంద్రం మొదలైంది. 1962లో ఐఎస్ 1893 తొలి ముద్రణ వచ్చింది. అప్పట్లో దక్షిణాది రాతినేల కదలదన్న ధీమా బలంగా ఉండేది. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూమి కంపించింది. అదే ఏడాది డిసెంబరులో మహారాష్ట్రలోని కొయనా, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం వంతు వచ్చింది. 1970లో పటాన్ని తిరగరాశారు. కోడ్ మారింది గానీ, దాన్ని చదివి చెప్పేవాళ్లు రూర్కీ లాంటి ఒకటి రెండు చోట్లే మిగిలారు. బీటెక్‌లో భూకంప ఇంజనీరింగ్ చాలాచోట్ల ఐచ్ఛిక సబ్జెక్టే. రింగులు, హుక్కులు, జాయింట్ల వివరాలతో ఐఎస్ 13920 విడిగా రావడానికి 1993 దాకా పట్టింది.

అసలు మలుపు 2001 జనవరి 26న భుజ్ భూకంపం. భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. చాలావాటికి కింద ఇటుక గోడల్లేని స్టిల్ట్ పార్కింగ్, పైన గోడలతో నిండిన అంతస్తులు. పై భాగమంతా పెట్టెలా ఒక్కటిగా కదిలితే వంగాల్సిందంతా కింది పిల్లర్లే వంగాయి. విజయవాడలో పటమట, భవానీపురం, గుంటూరులో లక్ష్మీపురం, ఏ వీధి చూసినా ఇదే తరహా.

భుజ్ తర్వాత మూడు పనులు జరిగాయి. 2002లో ఐఎస్ 1893ని సవరించి జోన్ 1ని జోన్ 2లో కలిపేశారు. 2003లో ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి జాతీయ భూకంప ఇంజనీరింగ్ విద్యా కార్యక్రమం కింద కాలేజీ అధ్యాపకులకు పాఠాలు మొదలుపెట్టాయి. పాఠం చెప్పేవాళ్లకే ముందు పాఠం చెప్పాలన్న ఆ ఆలోచన సరైనదే. మూడోది, అప్పటికే ఉద్యోగాల్లో ఉన్న పదివేల మంది ఇంజనీర్లకు శిక్షణ ఇవ్వాలని కేంద్ర హోంశాఖ పెట్టుకున్న కార్యక్రమం. అప్పుడే ఐఐటీ కాన్పూర్ నుంచి సి.వి.ఆర్. మూర్తి రాసిన బొమ్మల భూకంప పాఠాలు రెండేసి పేజీల చొప్పున వచ్చాయి. ఇప్పటికీ సైటులో పనికొచ్చేవి లావుపాటి పుస్తకాలకన్నా అవే.

ఇన్ని జరిగినా లోటు ఎక్కడుంది? తరగతికి వచ్చేది డిజైనర్, ప్రభుత్వ శాఖ ఏఈ, కాలేజీ లెక్చరర్. రింగు వంచేది రాడ్ బెండింగ్ మేస్త్రీ. ఆయనకు తరగతి లేదు, డ్రాయింగ్‌లో హుక్కు (రింగు కొస వంపు) బొమ్మ కూడా ఉండదు. 300 × 450 పిల్లర్, 16 ఎంఎం చువ్వలు, 2.7 మీటర్ల ఖాళీ ఎత్తు అనుకుందాం. 2016 నాటి ఐఎస్ 13920 ప్రకారం పిల్లర్ పైన, కింద 450 మిల్లీమీటర్ల మేర రింగులు దగ్గరగా పడాలి. ఎంత దగ్గరగా? చిన్న వైపులో నాలుగో వంతు 75, చువ్వ మందానికి ఆరు రెట్లు 96, లేదా 100. వీటిలో తక్కువది, అంటే 75 మిల్లీమీటర్లు. సైటులో కింది నుంచి పైదాకా 150 ఒకే తీరున పడుతుంది. రింగు కొసను 135 డిగ్రీలు వంచి, కనీసం 65 మిల్లీమీటర్లు కాంక్రీటు లోపలికి పోనివ్వాలి. 90 డిగ్రీలకే ఆపితే ఊపుకి పైకవరు (చువ్వల మీది కాంక్రీటు పొర) 40 మిల్లీమీటర్లు రాలిపోగానే రింగు తెరుచుకుంటుంది. పెద్ద చువ్వలు బయటికి ఉబ్బుతాయి, పిల్లర్ నలిగిపోతుంది.

బీము, పిల్లర్ కలిసే జాయింట్‌లో రింగులు అసలే పడవు. మేస్త్రీ బద్ధకం అనుకుంటే పొరపాటు. బీము పంజరాన్ని సెంట్రింగ్ లోపలే కట్టేస్తే ఆ తర్వాత జాయింట్‌లో రింగు దూర్చడానికి దారే ఉండదు. బీము పంజరాన్ని సెంట్రింగ్ పైన చెక్కల మీద ఎత్తి కట్టి, జాయింట్ రింగులను పిల్లర్ చువ్వలకు ముందే తొడిగి, తర్వాత అంతా కలిపి కిందికి దించాలి. సగం పూట అదనపు పని. దానికి కూలి లెక్కలో చోటు ఉండదు కాబట్టే ఎగిరిపోతుంది.

గోడలో కలిసిపోవాలని తొమ్మిది అంగుళాల పిల్లర్ పోయడం మరో అలవాటు. 2016 కోడ్ కనీస కొలత 300 మిల్లీమీటర్లు. ఇంటాయన మూల బయటికి కనబడకూడదంటాడు, డిజైనర్ సరేనంటాడు. కృష్ణ ఒడ్డు ఇసుకనేలల సంగతి వేరు. నీటిమట్టం పైకున్నచోట 5 మీటర్ల లోతు దాకా ఎస్‌పీటీ (నేల గట్టిదనం కొలిచే పరీక్ష) విలువ 15 కన్నా తక్కువ వస్తే ఊపుకి ఇసుక నీరులా పలచబడే ప్రమాదాన్ని లెక్క చూడాలి. బోర్‌హోల్ రిపోర్టు లేని ఫౌండేషన్ డిజైన్ ఈ జోన్‌లో డిజైనే కాదు.

సునామీ పాఠం దీనికి ఆలస్యంగా అతికింది. 2004 డిసెంబరు 26 పౌర్ణమి. మచిలీపట్నం దగ్గర మంగినపూడి తీరంలో స్నానాలకు వచ్చినవాళ్లు అలల్లో పోయారు. 2007లో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేయడం మొదలైంది. అది మనిషిని కదిలిస్తుంది, బిల్డింగ్‌ను కాదు. దివిసీమ, బాపట్ల తీరాల్లో స్తంభాల మీద నిలిపే తుఫాను షెల్టర్లు 1977 ఉప్పెన నేర్పిన పాఠం. నీటికి దారి వదలాలన్నది దాని సారం. లెక్క వేస్తే అది నిజమే. 3 మీటర్ల లోతు నీరు సెకనుకు 5 మీటర్ల వేగంతో వస్తే, బురదనీటి సాంద్రత ఘనపు మీటరుకు 1,100 కిలోలు, నిరోధ గుణకం 2 అనుకుంటే, అడ్డుగా ఉన్న ప్రతి మీటరు వెడల్పు మీద సుమారు 8.4 టన్నులు. పది మీటర్ల మూసిన గోడ మీద 84 టన్నులు, 300 మిల్లీమీటర్ల పిల్లర్ మీద రెండున్నర.

కానీ కింద ఖాళీ వదిలితే భూకంపానికి అదే మెత్తటి అంతస్తు. అహ్మదాబాద్‌లో కూలిన తరహా అదే. రెండు శిక్షణలూ విడివిడిగా నడిచినంతకాలం ఈ వైరుధ్యం ఎవరి పాఠంలోనూ పూర్తిగా కనబడలేదు. గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణం 2025 జనవరిలో ప్రారంభమైంది. రెండింటినీ ఒక్క తరగతిలో కూర్చోబెట్టడానికి ఇంతకన్నా దగ్గరి చోటు మనకు లేదు.

తీరంలో కట్టే షెల్టర్‌కో, స్కూలుకో దారి ఇలా ఉంటుంది. కింద అంతస్తులో కాంక్రీటు షియర్ వాల్స్ (పక్కతోపును మోసే గోడలు) పెట్టాలి, వాటి పొడుగు వైపు నీరు వచ్చే దిశకు సమాంతరంగా, అంటే తీరానికి లంబంగా ఉండాలి. ఆ దిశలో భూకంప బలాన్ని అవే మోస్తాయి, నీటికి వాటి మందం మాత్రమే అడ్డు. తీరం వెంబడి దిశలో పెద్ద గోడ పెట్టలేం కాబట్టి అటు పెద్ద పిల్లర్ల ఫ్రేమ్‌నో, మెట్లగది చుట్టూ చిన్న కోర్‌నో లెక్కించాలి. మిగతా ఇటుక గోడలు పిల్లర్లకు కట్టకుండా నీటికి ఊడిపోయేలా విడిగా ఉండాలి. ఫుటింగుల కింద ఇసుక కోసుకుపోతుంది కనుక పైల్స్ (నేలలోకి దించే పునాది స్తంభాలు) కోతలోతుకన్నా కిందికి దిగాలి. ఇక చాలామంది మరిచేది: నీరు ఎక్కేటప్పుడు బీముల మధ్య గాలి చిక్కుకుంటుంది. 325 మిల్లీమీటర్ల గాలి చాలు, చదరపు మీటరుకు 360 కిలోల దాకా పైకి తోస్తుంది. 125 మిల్లీమీటర్ల స్లాబు సొంత బరువు 312 కిలోలే. స్లాబు పైకి ఉబికితే నడిమధ్యన పైముఖాన చువ్వే ఉండదు. కాబట్టి నీరు అందే ఎత్తులోని స్లాబుకు రెండు ముఖాలా చువ్వలు, ప్రతి గడిలో గాలి పోయే రంధ్రం డ్రాయింగ్‌లోనే చూపించాలి.