చేతిలో చెయ్యేసి చెప్పిన మాట: టచ్ అండ్ గో కథ

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో టెస్కో వీ, డేవ్ స్టిమ్సన్ 1979లో పెట్టిన చిన్న పంక్ రాక్ సంగీత పత్రిక పేరు టచ్ అండ్ గో. 1981లో అదే పేరుతో రికార్డులూ వేశారు. మొదటిది నెక్రోస్ బ్యాండ్‌ది, వేసింది వంద కాపీలు. అందులో బేస్ గిటార్ వాయించే కుర్రాడు కోరీ రస్క్ రెండేళ్లలో లేబుల్ (రికార్డు కంపెనీ) బాధ్యత తీసుకుని, తర్వాత దాన్ని షికాగోకు మార్చాడు. బిగ్ బ్లాక్, జీసస్ లిజర్డ్, స్లింట్ లాంటి బ్యాండ్లు ఆ నీడనే ఎదిగాయి. 1991లో స్లింట్ రెండో ఆల్బమ్ బయటికొచ్చే సరికి బ్యాండే విడిపోయింది. అయినా రస్క్ దాన్ని అమ్ముతూనే ఉన్నాడు. రాక్ వాయిద్యాలతోనే మామూలు రాక్ పాటకు భిన్నంగా సాగే పోస్ట్ రాక్ గురించి మాట్లాడేవాళ్లు ఇవాళ ముందు చెప్పే పేర్లలో అదొకటి.

రస్క్ వ్యాపారం నోటిమాట మీదే నడిచింది. ముద్రణ, ప్రచారం ఖర్చులు లేబుల్ పెట్టుకుంటుంది. అవి పోను మిగిలిన లాభంలో చెరిసగం. పెద్ద కంపెనీలిచ్చే రాయల్టీతో పోలిస్తే ఇది చాలా ఉదారం. కాకపోతే, ఎన్నాళ్లకు అన్న మాట ఎవరూ అనుకోలేదు.

చిక్కు అక్కడే వచ్చింది. టెక్సస్ బ్యాండ్ బట్‌హోల్ సర్ఫర్స్ 1990ల్లో పెద్ద కంపెనీకి వెళ్లింది. 1995లో పాత ఆల్బమ్‌ల లాభంలో తమకు 80 శాతం కావాలంది. రస్క్ కుదరదన్నాడు. వాళ్లు ఒప్పందం రద్దు చేసుకున్నారు, అతను అమ్మకాలు ఆపలేదు, వ్యవహారం కోర్టుకెక్కింది.

గడువు లేని ఒప్పందాన్ని ఎవరైనా ఎప్పుడైనా తెంచుకోవచ్చన్నది షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్ర చట్టం. ఫెడరల్ కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీని 35 ఏళ్ల తర్వాతే రద్దు చేయాలని రస్క్ వాదించాడు. ఆ సెక్షన్ పెట్టింది కళాకారులను కాపాడటానికి, కట్టిపడేయడానికి కాదని ఏడో సర్క్యూట్ అప్పీల్ కోర్టు (ప్రాంతాలవారీ ఫెడరల్ అప్పీల్ కోర్టుల్లో ఒకటి) 1999లో తేల్చి, బ్యాండ్‌ను గెలిపించింది. ఇలాంటి కేసులోనే మరో ప్రాంతపు కోర్టు తొమ్మిదో సర్క్యూట్ అంతకుముందు ఇందుకు భిన్నంగా ఇచ్చిన తీర్పును అనుసరించడానికి ఒప్పుకోలేదు. తోటి సంగీతకారుల్లో చాలామంది సానుభూతి రస్క్‌కే దక్కింది. నా వరకు, అతని బాధ న్యాయమైనదే, తీర్పూ సరైనదే.

లేబుల్‌ను దెబ్బతీసింది మాత్రం ఈ కేసు కాదు. మెర్జ్, డ్రాగ్ సిటీ లాంటి ఇతర చిన్న లేబుళ్ల రికార్డుల ముద్రణ, పంపిణీ కూడా టచ్ అండ్ గోనే చూసుకునేది. ఆర్థిక మాంద్యం ముదిరిన 2009 ఫిబ్రవరిలో ఆ విభాగాన్ని మూసేసింది. అప్పటి నుంచి ప్రధానంగా పాత రికార్డులనే అందుబాటులో ఉంచుతోంది. బట్‌హోల్ సర్ఫర్స్ పాత ఆల్బమ్‌లను కేసు గెలిచాక బ్యాండ్ సొంతంగా వేసుకుంది. 2024 నుంచి వాటిని మళ్లీ విడుదల చేస్తున్నది మాటడార్, మరో ఇండిపెండెంట్ లేబుల్.