పురుగు దెబ్బ, ధూళి దెబ్బ

నక్షత్రాల మధ్య ప్రయాణించే నౌకకు దళసరి ఉక్కు కవచం తొడిగితే సరిపోదా అని పదో తరగతి విద్యార్థి ఒకడు ఈమధ్య నన్ను అడిగాడు. చాలా మంచి ప్రశ్న. ఉక్కు గట్టిదన్న మన అనుభవం ఏ వేగం దాకా చెల్లుతుందో మన పాఠాలు చెప్పవు, చెప్పి తీరాలి.

వానాకాలపు సాయంత్రం పొలాల మధ్య మోటారు సైకిల్ నడిపిన ప్రతివారికీ దీపపు పురుగుల దెబ్బ తెలుసు. నిలబడి ఉన్నప్పుడు చొక్కా మీద మెల్లగా వాలే పురుగే, బండి వేగమందుకున్నాక ముఖానికి రాయిలా తగులుతుంది. వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగింతలవుతుంది. 2016లో ప్రకటించిన బ్రేక్‌త్రూ స్టార్‌షాట్ పథకం, కొద్ది గ్రాముల నౌకను కాంతివేగంలో అయిదో వంతుతో, అంటే సెకనుకు 60,000 కిలోమీటర్ల వేగంతో, మనకు అతి దగ్గరి నక్షత్ర వ్యవస్థ అయిన ఆల్ఫా సెంటారీ వైపు పంపాలని తలపెట్టింది. ఆ వేగంలో గ్రాములో పది లక్షలవ వంతు బరువున్న ధూళికణం తగిలినా, పది టన్నుల లారీ గంటకు 70 కిలోమీటర్ల వేగంతో గుద్దినంత శక్తి, దాదాపు 18 లక్షల జౌల్స్, వెలువడుతుంది.

అంత పెద్ద కణాలు నక్షత్రాల మధ్య చాలా అరుదు. హైడ్రోజన్ పరమాణువులను మాత్రం తప్పించుకునే దారి లేదు. ఒక్కొక్కటి సుమారు 1.9 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల (పరమాణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) శక్తితో వచ్చి, ఉక్కు కవచంలోకి కూడా మిల్లీమీటరుకు కాస్త తక్కువ లోతు దిగబడుతుంది. ఉక్కులోని పరమాణువులను పట్టి ఉంచే బంధాల శక్తి కొద్ది ఎలక్ట్రాన్ వోల్టులే కనుక, ఇక్కడ గట్టిదనానికి విలువే లేదు. దారికి అడ్డంగా ఎంత పదార్థం ఉంది, అది ఎంత వేడిని భరిస్తుంది అన్నవే లెక్కకు వస్తాయి. అందుకే బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ 1973–78 మధ్య కాగితం మీద రూపొందించిన డెడాలస్ నౌకకు, తేలికగా ఉంటూ బాగా వేడిని పీల్చుకునే బెరీలియం లోహాన్ని 7 మిల్లీమీటర్ల మందంలో ఎంచుకున్నారు. గమ్యమైన బర్నార్డ్ నక్షత్రం దగ్గర ధూళి మరింత ఉండవచ్చు కనుక, నౌకకు 200 కిలోమీటర్ల ముందు సన్నని ధూళిమేఘాన్ని పరచాలని కూడా అనుకున్నారు. లారీ వెనుక నడిచే బండికి పురుగులు తగలనట్టే, ఎదురొచ్చే కణం ఆ మేఘంలోనే ఆవిరై చెదిరిపోతుంది.

బండి మీద ముందుకు వంగి కూర్చుంటే తగిలే పురుగులు తగ్గుతాయి. స్టార్‌షాట్ నౌకను ముందుకు నెట్టేది లేజర్ కాంతి; దాన్ని అందుకునే తెరచాప నాలుగు మీటర్ల వెడల్పుది. లేజర్ నెట్టడం ముగిశాక దానిని అంచు ముందుకు వచ్చేలా తిప్పితే, ధూళికి ఎదురయ్యే వైశాల్యం ఎన్నో రెట్లు తగ్గుతుంది. అయితే మిగిలిన దెబ్బలన్నీ ఆ సన్నని అంచు మీదే పడతాయి కాబట్టి, కవచానికి కేటాయించగలిగిన బరువంతా అక్కడే పూత పూయాలి.