హంతకుడెవరో చెప్పమన్నారు కదా

హన్మకొండ,
ఆదివారం పొద్దున

బిడ్డా బుజ్జీ, పండూ,

నిన్న ఫోన్లో టీవీ సీరియల్లో హంతకుడెవరని మీరిద్దరూ ఒకేసారి అరుస్తుంటే నాకు సగమే వినపడింది. ఆ సగంలోనే ముగ్గురు హంతకులు తేలారు. "తాతా, నువ్వు కోర్టులో పనిచేశావు కదా, నువ్వు చెప్పు" అని పండు అడిగితే, నేను నోరు తెరిచేలోపే మీ నాయినమ్మ "ఆయన చార్జిషీటు వచ్చేదాకా ఏం చెప్పడు" అని ఫోన్ లాక్కున్నది. అందుకే ఈ ఉత్తరం. ఇందులోనైతే మధ్యలో ఎవరూ అడ్డం రారు.

ఆ శుక్రవారం సీరియల్ నేనూ వదలకుండా చూస్తున్నాను. నాయినమ్మ మక్కకంకులు కాల్చి, ఉప్పూ కారం నిమ్మకాయ దగ్గర పెట్టుకుని టైముకు పావుగంట ముందే కూర్చుంటుంది. నాలుగు భాగాలు అయిపోయాయి. రైస్ మిల్లు ఓనరు చెరువులో శవమై తేలాడు. తమ్ముడితో ఆస్తి తగాదా ఉంది. డ్రైవరు ఆ రాత్రి ఫోన్ ఆఫ్ చేశాడు, నాలుగో భాగంలో పోలీసులకు దొరికి ఒప్పుకున్నాడు. భార్య ఏడవలేదు. డాక్టరు అవసరానికి మించి మర్యాదగా మాట్లాడుతున్నాడు. ఇంతే కదా ఇప్పటిదాకా మనకు తెలిసింది? దీని మీద మా ఇంట్లో వారమంతా పంచాయితీ.

నాయినమ్మది ఒకటే లెక్క. "అంత పెద్ద యాక్టర్ని తెచ్చి రెండు సీన్లకు ఊరికే పెడతరా? గా డాక్టరే చేసిండు" అంటుంది. ఆమె చూసేది కథను కాదు, నిర్మాత పెట్టిన ఖర్చును. చాలాసార్లు ఆమే గెలుస్తుంది, అది వేరే సంగతి. మీ చిన్నాన్న వెనక వచ్చే మ్యూజిక్‌ని నమ్ముతాడు. ఎవరి ముఖం మీద వయొలిన్ మోగితే వాడు కాదట, మనల్ని తప్పుదారి పట్టించడానికి మోగించారట. కింది వాటాలో ఉండే లెక్కల సారు ఇంకా ఎన్ని భాగాలు మిగిలాయో చూసి, "నాలుగో భాగంలో దొరికినవాడు దొంగ ఎట్లయితడు, మిగతా నాలుగు భాగాలు ఏం చూపిస్తరు?" అంటాడు. డ్రైవర్ని నిర్దోషిగా వదిలేయడానికి ఆయనకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

పండూ, ఎవరికో కవల సోదరుడు ఉండి ఉంటాడని, వాడే చంపాడని నువ్వన్నావు కదా, ఆ సంగతి. 1929లో రోనాల్డ్ నాక్స్ అని ఇంగ్లండులో ఒక క్రైస్తవ మతగురువు ఉండేవాడు. తనూ డిటెక్టివ్ కథలు రాసేవాడు. అట్లాంటి కథలకు పది నియమాలు పెట్టాడు. హంతకుడు కథ మొదట్లోనే మన కంటపడాలి, డిటెక్టివే హంతకుడు కాకూడదు, ముందుగా సూచన ఇవ్వకుండా కవలల్ని దించకూడదు. కవలల గురించి మనకు ఇంతవరకు ఒక్క మాటా చెప్పలేదు. ఇప్పుడు దించితే మనం రిమోట్ విసిరికొట్టాల్సిందే.

ఇవన్నీ రచయిత బుర్రలో ఏముందో పసిగట్టే ఊహలు. ఆటగా బాగుంటాయి. నా బాధ వేరే. ఇక్కడి అదాలత్ సెంటర్ దగ్గర కోర్టులో అన్నేళ్లు బెంచ్ క్లర్కుగా చేసినవాణ్ణి కాబట్టి నా కళ్లు వేరే చోటికి పోతాయి.

రెండో భాగంలో ఎస్సై చెరువుగట్టు మీద ఫోన్ చూశాడు గుర్తుందా? దస్తీతో తీసి జేబులో వేసుకున్నాడు. నేను కుర్చీలోంచి లేచాను. నాయినమ్మ "మళ్లా మొదలుపెట్టిండు" అన్నది. లేవకుండా ఎట్లా? అక్కడ ఇద్దరు పంచులు, అంటే చూసి సంతకం పెట్టే సాక్షులు, ఉండాలి. వస్తువు ఎక్కడ, ఏ స్థితిలో దొరికిందో పంచనామా రాయాలి. దాన్ని గుడ్డలో చుట్టి, దారం కట్టి, లక్క కరిగించి సీలు వేయాలి. పంచుల సంతకాలున్న చీటీ అంటించాలి. కోర్టుకు వచ్చాక దానికి ఎం.ఓ.1, ఎం.ఓ.2 (మెటీరియల్ ఆబ్జెక్టు, అంటే కేసు వస్తువు) అని నంబరు పడుతుంది. నేను అట్లాంటి మూటలు ఎన్ని విప్పానో. తెల్లగుడ్డ పసుపు రంగుకు తిరిగి ఉంటుంది, లక్క పగిలితే రాలిన ముక్కలు బల్ల మీద ఎర్రగా పడతాయి, లోపల తుప్పు పట్టిన కొడవలి. డిఫెన్సు వకీలు ఆ కొడవలిని చూడడు. సీలు సరిగ్గా ఉందా, చీటీ మీద తేదీ ఏంటి, పోలీస్ స్టేషన్ నుంచి ల్యాబుకు ఎవరు మోశారు, ఇవే అడుగుతాడు. జేబులో పడ్డ ఫోనుకు ఇవేవీ ఉండవు.

ఇక బుజ్జి పాయింటు: "డ్రైవరు ఒప్పుకున్నాడు కదా తాతా!" ఒప్పుకున్నాడు, నిజమే. స్టేషన్లో, రెండు దెబ్బలు తిన్నాక, ఎస్సై ముందు. అది కోర్టులో చెల్లదు బిడ్డా. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును ముద్దాయి మీద సాక్ష్యంగా వాడొద్దని 1872 నాటి ఎవిడెన్స్ యాక్టులోనే ఉంది. 2024 జులై 1న దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. సెక్షన్ నంబరు 25 నుంచి 23కు మారింది గానీ విషయం మారలేదు. తెల్లవాళ్ల కాలంలోనే ఈ సెక్షన్ ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ఊహించుకోవడం కష్టం కాదు. ఒక మినహాయింపు మాత్రం ఉంది. కస్టడీలో ఉన్న ముద్దాయి "కర్రను ఫలానా పొదలో పడేశాను" అని చెప్పి, ఆ మాటను పట్టుకుని వెళ్తే అక్కడ కర్ర దొరికితే, ఆ దొరకడానికి కారణమైన మాట వరకు చెల్లుతుంది. "నేనే చంపాను" అన్నది చెల్లదు, "అక్కడ పడేశాను" అన్నది చెల్లుతుంది. మన డ్రైవరు కర్ర గురించి చెప్పాడు. అది దొరికినట్టు ఇంతవరకు చూపించలేదు. గమనించారా?

నాకు అన్నిటికన్నా ఎక్కువగా తట్టింది ఇంకోటి. శవం చెరువులో దొరికింది. చెరువులోనే చచ్చాడని ఎవరన్నారు? నాలుగు భాగాలుగా అందరూ "చెరువులో తోసింది ఎవరు" అనే అడుగుతున్నారు. బతికుండగా మునిగితే నీళ్లతో పాటు కంటికి కనపడని డయాటమ్‌లు అనే నాచుకణాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గుండె ఇంకా కొట్టుకుంటుంది కాబట్టి రక్తంతో ఎముకల మూలుగ దాకా చేరతాయి. చచ్చాక పడేస్తే రక్తం నడవదు, అవి అంతదూరం పోలేవు. అందుకే మూలుగను, ఆ చెరువు నీళ్లను రెండింటినీ ల్యాబుకు పంపి పోల్చి చూస్తారు. ఈ ఒక్క పరీక్షతోనే అంతా తేలిపోదనుకోండి, కానీ అడగాల్సిన ప్రశ్న అది. మన సీరియల్లో డాక్టరు దాని ఊసే ఎత్తకుండా "రాత్రి సరిగ్గా పదిన్నరకు చనిపోయాడు" అన్నాడు. నిమిషాలతో సహా చెప్పే డాక్టర్ని నేను సాక్షి బోనులో చూడలేదు. శవం బిగుసుకోవడం మామూలుగా కొన్ని గంటల్లో మొదలై పన్నెండు గంటలకల్లా ఒళ్లంతా పాకుతుంది. మన ఎండలకు తొందరగా వచ్చి తొందరగా పోతుంది, నీళ్లలో ఉంటే లెక్క మళ్లీ మారుతుంది. అందుకే పోస్టుమార్టం రిపోర్టులో "పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల క్రితం" అన్నట్టే రాస్తారు.

సుప్రీంకోర్టు చెప్పిన మాట ఒకటి మా ఆఫీసులో అందరి నోటా ఉండేది. చంపి "ఉండొచ్చు" అన్నదానికీ చంపి "తీరాలి" అన్నదానికీ మధ్య చాలా దూరం ఉందని. 1984లో సార్దా కేసులో దాన్ని మళ్లీ గట్టిగా చెప్పారు. మహారాష్ట్రలో కొత్తగా పెళ్లయిన ఒకామె విషంతో చనిపోయింది. కింది కోర్టు భర్తకు ఉరిశిక్ష వేసింది, హైకోర్టు సరేనన్నది, సుప్రీంకోర్టు విడిచిపెట్టింది. చూసినవాళ్లు లేనప్పుడు పరిస్థితులన్నీ గొలుసులా కలవాలి, ఇంకో రకంగా జరిగి ఉండే వీలే మిగలకూడదు అన్నది. మన డ్రైవరు గొలుసులో ఎన్ని కొక్కేలు ఉన్నాయో లెక్కపెట్టండి. నాకు ఒకటే కనపడింది, ఫోన్ ఆఫ్.

ఇంత చెప్పే నేను కూడా ఒకసారి "ఉండొచ్చు" దగ్గరే ఆగకుండా దూకేశాను. మీ నాన్న పుట్టకముందు, మా బంధువుల పెళ్లిలో ఉంగరం పోయింది. టెంటు సామాన్లవాడితో వచ్చిన పిల్లగాడు ఆ గదిలోంచి రావడం నేను చూశాను. అడిగితే తడబడ్డాడు. "వాడే" అన్నాను. కోర్టు క్లర్కు అన్నాడు కాబట్టి అందరూ నమ్మారు. అంగీ విప్పించి జేబులు వెతికారు. ఎనిమిదో రోజు జంపఖానాలు దులుపుతుంటే ఉంగరం రాలింది. ఆ పిల్లగాడు తడబడింది వంటవాళ్ల దగ్గర అడక్కుండా తీసుకున్న రెండు లడ్డూల గురించట. మళ్లీ ఎప్పుడూ మా వాడకు రాలేదు. చౌరస్తాలో ఒకసారి ఎదురుపడ్డాడు, నేనే తల తిప్పుకున్నాను.

సరే, మీ ప్రశ్నకు వస్తాను. నా అనుమానం ఎవరి మీదో చీటీ మీద రాసి, మడిచి, కవరులో పెట్టాను. లక్క లేదు కాబట్టి కొవ్వొత్తి కరిగించి సీలు వేశాను. పంచులుగా లెక్కల సారు, నాయినమ్మ సంతకాలు చేశారు. సంతకం చేసేముందు నాయినమ్మ కవరును ట్యూబులైటుకు అడ్డం పట్టి చూసింది, ఏమీ కనపడలేదు. కవరు పోపుల డబ్బా వెనక ఉంది. ఆఖరి భాగం అయ్యాక వచ్చి మీరే విప్పండి. సీలు పగిలి ఉంటే మాత్రం ఎవరిని అడగాలో మీకు తెలుసు.

మీ తాత

తా.క. నాయినమ్మ ఇది రాయకపోతే ఉత్తరం పోస్టు చేయనివ్వదట: "డాక్టరే. రాసి పెట్టుకోండ్రి."