వృక్షప్లవకాలు, ఇనుము: అపోహలు – వాస్తవాలు

సముద్రంలోని వృక్షప్లవకాల, అంటే ఫైటోప్లాంక్టన్ కణాల్లో ఏ మూలకం ఎంత ఉందో కొలవడం నా వృత్తి. ఇనుము గురించి తరచుగా వినిపించే కొన్ని మాటలను సరిచేయవలసిన అవసరం ఉందనిపించి ఇది రాస్తున్నాను.

అపోహ: ఇనుము చాలకపోతే వృక్షప్లవకాల సంఖ్య తగ్గుతుంది, అంతే.

వాస్తవం: సంఖ్యతో పాటు కణం కూర్పే మారిపోతుంది. కిరణజన్య సంయోగక్రియలో కాంతిని పట్టి వాడుకునే ప్రోటీన్ల సముదాయమైన ఒక్క ఫొటోసిస్టమ్ 1కే 12 ఇనుప పరమాణువులు కావాలి; నైట్రేట్‌ను అమ్మోనియంగా మార్చే ఎంజైములకూ ఇనుము తప్పనిసరి. అది దొరకనప్పుడు చాలా డయాటమ్‌లు (గాజులాంటి పెంకు ఉండే వృక్షప్లవకాలు) ఇనుముతో పనిచేసే ఫెర్రిడాక్సిన్ అనే ప్రోటీన్‌ను తగ్గించి, ఇనుము అక్కరలేని ఫ్లావోడాక్సిన్ అనే ప్రోటీన్‌తో ఆ పని నడుపుకుంటాయి. థలాసియోసైరా ఓషియానికా అనే నడిసముద్రపు డయాటమ్ ఇనుము ఉన్న సైటోక్రోమ్ అనే ప్రోటీన్ బదులు రాగి ఉన్న ప్లాస్టోసయనిన్‌ను వాడుకుంటుంది. పత్రహరితం అణువు మధ్యలో ఉండేది మెగ్నీషియమే అయినా, దాని తయారీకి ఇనుము కావాలి కనుక అదీ తగ్గుతుంది. పది లక్షల కర్బన పరమాణువులకు ఇనుప పరమాణువులు కొరత ఉన్నచోట రెండు మూడే ఉండవచ్చు; సమృద్ధి ఉన్నచోట అవి పదుల్లోకి చేరతాయి.

అపోహ: కర్బనం, నత్రజని, భాస్వరం 106:16:1 అన్న రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి ప్రతి కణానికీ వర్తిస్తుంది.

వాస్తవం: అది సగటు మాత్రమే. డయాటమ్‌ల గాజు పెంకులోని సిలికాన్‌ను లెక్కలోకి తీసుకుంటే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. పోషకాలన్నీ చాలినంత ఉన్నప్పుడు సిలికాన్, నత్రజని దాదాపు సమానంగా ఉంటాయి. ఇనుము కొరతలో సిలికాన్ నత్రజనికి రెండు మూడు రెట్లవుతుందని 1998లో వెలువడిన పరిశోధనలు చూపాయి. నైట్రేట్‌ను వాడుకోవడం కష్టమై కణంలో నత్రజని తగ్గడం, పెరుగుదల మందగించి కొన్ని జాతుల పెంకు మందం కావడం, రెండూ ఇందుకు కారణాలే. అందువల్లనే దక్షిణ మహాసముద్రంలో నైట్రేట్ ఇంకా మిగిలి ఉండగానే సిలికేట్, అంటే నీటిలో కరిగి ఉండే సిలికాన్, అడుగంటుతుంది.

అపోహ: వడకట్టిన కణాల్లో కొలిచిన ఇనుమంతా కణం లోపలిదే.

వాస్తవం: ఇది ప్రయోగశాలల్లో కూడా జరిగే పొరపాటు, నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది. ఇనుప తుప్పు లాంటి రేణువులు కణాల ఉపరితలానికి అంటుకుని ఉంటాయి. వాటిని ఆక్సలేట్ ద్రావణంతో కడిగి తొలగించకుండా కొలిస్తే, ఆకలితో ఉన్న కణం కూడా కడుపు నిండినట్టే కనిపిస్తుంది. నడిసముద్రపు ఉపరితల జలంలో కరిగి ఉండే ఇనుము లీటరుకు సుమారు 10 నానోగ్రాములు, అంటే గ్రాములో పది కోట్లవ వంతు. మేము నిలబడి పనిచేసే ఓడే ఇనుముతో చేసినది కనుక, సీసాలను ముందే రోజుల తరబడి ఆమ్లంలో నానబెట్టి, నమూనా తీసేటప్పుడు ప్లాస్టిక్ పరికరాలు, లోహం లేని తాళ్లు వాడతాము. చేతి తొడుగుకు అంటిన కాస్త దుమ్ము చాలు, ఆ రోజు శ్రమంతా వృథా కావడానికి.

అపోహ: సముద్రంలో ఇనుము చల్లితే కర్బనం దానంతట అదే అడుగుకు చేరుతుంది.

వాస్తవం: అక్కడ ఏ జాతి పెరిగింది, దేనితో తయారైంది అన్నదాని మీద అది ఆధారపడుతుంది. 2009లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ కలిసి దక్షిణ అట్లాంటిక్‌లో లోహాఫెక్స్ ప్రయోగం చేశాయి. ఆ పేరులోని ‘లోహా’ హిందీలో ఇనుము. తెలుగులో మనం లోహమంటే అది ఇనుమే కానక్కరలేదు. సుమారు 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము కలిపినా, నీటిలో సిలికేట్ అప్పటికే అయిపోవడంతో డయాటమ్‌లు పెరగలేదు. పెరిగిన చిన్న, పెంకులేని కణాలను కోపిపాడ్‌లు అనే చిన్న జంతు ప్లవకాలు మేసేశాయి, అడుగుకు చేరిన కర్బనం స్వల్పమే. అదే మహాసముద్రంలో సిలికేట్ ఉన్నచోట 2004లో జరిగిన ఐఫెక్స్ ప్రయోగంలో మాత్రం డయాటమ్‌లు గుంపులుగా పెనవేసుకుని, పెరిగిన జీవరాశిలో కనీసం సగం 1,000 మీటర్ల లోతు దాటి దిగిపోయింది.